ఎక్కువమంది చూడని సినిమాలు, సీరియళ్లు: మీరు చూసినవాటి గురించి నాలుగు ముక్కలు రాయండి

గంటస్తంభం, విజయనగరం

నిన్న మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. బయటికి వెళ్లే పని లేక ‘ఎం.ఎల్.ఏ.’ చూశాను. 1957లో కె.బి. తిలక్ తీసిన సినిమా. ‘ఇదేనండి ఇదేనండి భాగ్యనగరం’ పాట తెలియనివాళ్లు తక్కువ, అది ఈ సినిమాలోదని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. హీరో జె.వి. రమణమూర్తి. ‘శంకరాభరణం’ సోమయాజులు గారి తమ్ముడు. వాళ్లది శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం. పక్కన సావిత్రి ఉన్నా నా కళ్లు మాత్రం ఈయన మీదే నిలిచాయి. నాటకాలాడిన మనిషి కదా, మాటకి ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడంలోనే సగం సంగతి చెప్పేస్తాడు.

మా నాన్నగారు పక్కన కూర్చుని చివరిదాకా చూశారు. అయ్యాక ‘మనవాళ్లు చేసినవి మనమే చూడకపోతే ఎవరు చూస్తారు’ అన్నారు. ఆ మాట రాత్రంతా మనసులో తిరిగింది. అందుకే అడుగుతున్నాను. పాతవైనా, మొన్నటివైనా, టీవీలో వచ్చినవైనా సరే, జనం పెద్దగా పట్టించుకోనివి మీరు చూసి ఉంటే రాయండి. పెద్ద హిట్లు వద్దు.

బొబ్బిలి వీణ, బొబ్బిలి

నావి రెండూ 1939వే. ఒకటి ‘వరవిక్రయం’. కాళ్లకూరి నారాయణరావు గారి నాటకం, సి. పుల్లయ్య తీశారు. భానుమతికి ఇదే మొదటి సినిమా. కట్నం ఇచ్చి వరుణ్ణి కొనడం ఇష్టంలేక ప్రాణం తీసుకునే కాళింది పాత్ర ఆవిడది. అప్పటికి నిండా పద్నాలుగేళ్లు లేవు. పాట ఎత్తుకుందంటే మాత్రం ఆ వయసు గుర్తుకి రాదు.

రెండోది గూడవల్లి రామబ్రహ్మం గారి ‘రైతుబిడ్డ’. జమీందారీ రైతుల బాధల మీద సినిమా. జమీందార్లకి కోపం వచ్చి అడ్డుపడ్డారు, కొన్నిచోట్ల ఆడనివ్వలేదు కూడా. తీసిన సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా. బళ్లారి రాఘవ ఇందులో నటించారు. మా ఊళ్లో కోట చూస్తూ పెరిగినదాన్ని. సినిమాల్లో బొబ్బిలి అనగానే యుద్ధం, తాండ్ర పాపారాయుడు. ఆ కోటకి శిస్తు కట్టినవాళ్ల కథ ఎవరూ తీయలేదే అనిపిస్తుంది ‘రైతుబిడ్డ’ తలచుకున్నప్పుడల్లా.

జీడితోట, పలాస

మా ఊరి పేరుతో వచ్చిందే చెప్తాను. ‘పలాస 1978’, కరుణకుమార్ మొదటి సినిమా. 2020 మార్చి 6న వచ్చింది. మూడు వారాలు తిరక్కుండా లాక్‌డౌన్. హాల్లో చూసినవాళ్లు ఎంతమందో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ‘నక్కిలీసు గొలుసు’ పాట ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లలో మోగిందో చెప్పలేను. సినిమా మాత్రం ఆ పాట వెనకాల ఎక్కడో ఉండిపోయింది.

నాకు ముఖ్యం ఏమిటంటే, అందులో హీరో మన యాసలో మాట్లాడతాడు. ప్రేమించినా, ఏడ్చినా, ఎదురు తిరిగినా ఆ యాసలోనే. చిన్నప్పట్నుంచీ సినిమాల్లో మన మాట ఎవరి నోట విన్నాం? కమెడియన్ నోట, లేకపోతే పనిమనిషి నోట. నేను హైదరాబాదులో చదివేటప్పుడు ‘ఏటి’ అంటే చాలు హాస్టల్ గదంతా నవ్వేది. రెండో సంవత్సరానికి ‘ఏంటి’ అనడం నేర్చుకున్నాను. ఈ సినిమా చూసి వచ్చిన రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి చాలాసేపు మన మాటే మాట్లాడాను.

నాగావళి, శ్రీకాకుళం

జీడితోట తమ్ముడూ, నీ మాట నిజమే, నాకూ గుండె బరువెక్కింది. కానీ సినిమా గురించి ఒక మాట అనాలి. మొదటి సగంలో ఉన్న ఊరు రెండో సగంలో మాయమైపోయింది. కులం ఎలా నొక్కుతుందో చెప్పడం మానేసి కత్తులు ఎలా తిరుగుతాయో చూపించారు. ఆట కట్టి పాడే ఇంటి పిల్లలు రౌడీలెలా అయ్యారు అన్నది అసలు కథ. అక్కడ ఇంకో అరగంట నిలబడి ఉంటే బాగుండేది.

ఇదే దర్శకుడు అదే ఏడాది ఆహా ఓటీటీలో ‘మెట్రో కథలు’ తీశారు. ఖదీర్ బాబు కథలు, పట్నం మనుషులవి. చిన్నదే, ఒక్క కూర్చోటంలో అయిపోతుంది. నాకు అందులోనే ఆయన చెయ్యి బాగా కుదిరినట్టు అనిపించింది.

జీడితోట, పలాస

అక్కా, కత్తులు ఎక్కువయ్యాయన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ కోపం ఎక్కడిదో తెలిసినవాడిని కాబట్టి నాకు ఎక్కువ అనిపించలేదు.

పాత పంతులు, శ్రీకాకుళం

పిల్లలిద్దరి మాటా విన్నాను. మనూరి కోపం గురించి మాట వచ్చింది కాబట్టి ‘యజ్ఞం’ గురించి చెప్పాలి.

కారా మాష్టారి, అంటే కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ కథ చదవని తెలుగు పాఠకులు తక్కువే గానీ అది సినిమాగా వచ్చిందని తెలిసినవాళ్లు మన జిల్లాలోనే అరుదు. 1991లో గుత్తా రామినీడు గారు తీశారు. పి.ఎల్. నారాయణ గారికి ఈ సినిమాకే జాతీయ ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చింది. కథ ఒక అప్పు గురించి. సుందరపాలెంలో అప్పల్రాముడు ఒక షావుకారికి బాకీ పడతాడు. ఊరి పెద్ద శ్రీరాములునాయుడు ధర్మమండపంలో తగువు తీరుస్తాడు. అందరూ మర్యాదగానే మాట్లాడతారు, ఎవరూ గొంతు పెంచరు, అన్యాయం చేస్తున్నామని ఎవరూ అనుకోరు. లెక్క ప్రకారం, ధర్మం ప్రకారం, ఒక కుటుంబం తరతరాలుగా పాలేరుతనానికి కట్టుబడిపోతుంది. అప్పు తన బిడ్డ దాకా రాకూడదని కొడుకు సీతారాముడు ఏంచేశాడో చదివినవాళ్లకి తెలుసు. చదవనివాళ్లకి నేను చెప్పను.

ఈ సినిమా నేను ఒక్కసారే చూశాను. కథ తెలిసినవాణ్ని కాబట్టి చివరికొచ్చేసరికి తల దించుకున్నాను. నారాయణ గారి ముఖం మాత్రం ఇప్పటికీ కళ్లముందుంది. ఏడుపు లేదు, అరుపు లేదు. ఎంత కష్టపడ్డా లెక్క ఎందుకు తేలడం లేదో అర్థంకాని మనిషి ముఖం అది. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠం చెప్పాను. నెలాఖరున ఫీజు కట్టలేక బడి మానేసిన పిల్లల తండ్రులు నా గుమ్మంలో నిలబడ్డప్పుడు అదే ముఖం చూశాను.

మన ఊళ్లోనే కథానిలయం ఉంది, తెలుగు కథల గ్రంథాలయం. 1997లో మాష్టారు కట్టించారు. ఆయన 2021లో వెళ్లిపోయారు. ఆ మేడ చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ కథ మీద తీసిన సినిమా మాత్రం మన ఊళ్లో పది మందీ కూర్చుని చూసిన రోజు నా ఎరుకలో లేదు.

గంటస్తంభం, విజయనగరం

మాష్టారూ, నమస్కారం. గుత్తా రామినీడు అంటే ‘చివరకు మిగిలేది’ తీసిన ఆయనే కదా? 1960. ఒక బెంగాలీ సినిమాకి తెలుగు రూపం. మానసిక రోగుల ఆసుపత్రిలో సావిత్రి నర్సు. ప్రేమతో రోగిని బాగుచేయమని డాక్టరు పని అప్పగిస్తాడు. ప్రేమ నటించాలి, రోగం నయంకాగానే ఆ నటన ఆపేయాలి. ఒకసారి చేస్తుంది. రెండోసారీ చేయమంటారు. చివరి దృశ్యంలో సావిత్రిని చూశాక నాకు ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఆవిడ గొప్ప నటి అని అందరూ ‘మాయాబజార్’, ‘దేవదాసు’ చెప్తారు. నన్నడిగితే ముందు ఇది చూడమంటాను.

పాత పంతులు, శ్రీకాకుళం

ఆయనే బాబూ. ఆ సినిమాకీ ‘యజ్ఞా’నికీ మధ్య ముప్ఫై ఏళ్లు. రెండింటిలోనూ ఒకరి మంచితనాన్ని పదిమందీ వాడుకుంటారు. ఇది నాకు ఇప్పుడు నువ్వు రాశాకే తట్టింది.

సన్ననూలు, పొందూరు

మాష్టారు చెప్పిన అప్పు మాట వినగానే నాకు ‘ఒక ఊరి కథ’ గుర్తొచ్చింది. మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీశారు, ప్రేమ్‌చంద్ ‘కఫన్’ ఆధారం. పనిచేస్తే లాభం ఆసామికే తప్ప మనకి లేదని, తండ్రీకొడుకులు పని చేయడమే మానేస్తారు. తండ్రిగా వాసుదేవరావు. ఆ ఇంటికి కోడలిగా మమతా శంకర్ వస్తుంది. అందరి బరువూ ఆ పిల్ల ఒక్కతే మోస్తుంది. పురుడు రాక ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా ఆ ఇద్దరూ కదలరు.

చాలామంది ఆ తండ్రిని తిరుగుబాటుదారుడు అంటారు. నేను ఒప్పుకోను. మా ఇంట్లో మా నాన్న మగ్గం దగ్గర, మా అమ్మ రాట్నం దగ్గర. చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం దగ్గర్నుంచి సన్ననూలు తీసేదాకా పని అంతా ఆడవాళ్లదే. పని మానేసే హక్కు మా అమ్మకి ఏనాడూ రాలేదు. ఆ సినిమాలో మగవాళ్లు మానేసిన పనికి కూలి ఆ కోడలు ప్రాణంతో కట్టింది. మృణాల్ సేన్ కూడా అదే చూపించాడని నా నమ్మకం, మెచ్చుకునేవాళ్లే తండ్రి మాటల మత్తులో పడిపోయారు.

నాగావళి, శ్రీకాకుళం

ఇది ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. మళ్లీ చూడాలి.

ఆడవాళ్ల మీద పడిన బరువు అంటే ఇంకో రెండు. బి.నర్సింగరావు ‘దాసి’ (1988): తెలంగాణ గడీలో దాసీగా ఉన్న అమ్మాయి, అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు. సినిమాలో మాటలు చాలా తక్కువ. తలుపులు, మెట్లు, నీళ్ల బిందె, అంతే. బి.ఎస్. నారాయణ ‘నిమజ్జనం’: అస్థికలు కలపడానికి భర్తతో బయల్దేరిన ఇల్లాలికి దారిలో జరిగిన ఘోరం. శారదకి మూడో జాతీయ అవార్డు తెచ్చింది ఇదే. ఆ బండి ప్రయాణం చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు చూడకండి.

సిరిమాను, విజయనగరం

అందరూ బరువైనవే చెప్తున్నారు. మంచిదే. మా గొల్లపూడి గారిది ఎవరూ చెప్పలేదేం? ఆయన పుట్టింది విజయనగరంలోనే. ఆయన నాటకం ‘కళ్లు’ని 1988లో కెమెరామన్ ఎం.వి. రఘు సినిమాగా తీశారు. చూపులేని బిచ్చగాళ్లు పైసా పైసా కూడబెట్టి ఒకడికి కళ్లు తెప్పిస్తారు. కళ్లు వచ్చినవాడికి తనవాళ్లు కనపడడం మానేస్తారు. నటులంతా అప్పటికి కొత్తవాళ్లో, నాటకాలవాళ్లో. నటుడు చిదంబరం గారికి ఇంటిపేరుగా నిలిచింది ఈ సినిమా పేరే.

‘తెల్లారింది లెగండో’ పాట సిరివెన్నెల రాయడమే కాదు, పాడారు కూడా. ‘లేవండి’ కాదు, ‘లెగండో’. మా వీధిలో పొద్దున్నే మా నాయనమ్మ అరిచిన మాట అది. అదేమాట పాటకి పల్లవి అయిందని ఆవిడకి చెప్తే నమ్మలేదు, రెండుసార్లు పెట్టించుకుని విన్నాది.

జీడితోట, పలాస

మా ఇంట్లో కూడా ‘లెగు’ అనే అంటాం.

బొబ్బిలి వీణ, బొబ్బిలి

టీవీ గురించి ఎవరూ రాయలేదు. మాకు చాన్నాళ్లు దూరదర్శన్ ఒక్కటే. గాలి వేస్తే డాబా మీద యాంటెన్నా తిరిగిపోయేది. మా తమ్ముడు పైనుంచి ‘వచ్చిందా’ అని, నేను కిందనుంచి ‘ఇంకొంచెం’ అని. అలా చూసినవి కాబట్టే ఇంత గుర్తున్నాయేమో.

‘ఋతురాగాలు’ గురించి మా వయసువాళ్లకి చెప్పక్కర్లేదు, మా పిల్లలకి మాత్రం తెలియదు. మంజులా నాయుడు దర్శకత్వం. సాయంత్రం ‘వాసంత సమీరంలా’ పాట మొదలైందంటే వీధిలో మాట వినపడేది కాదు. ఇప్పటి సీరియళ్లలో ముఖం మీదికి మూడుసార్లు కెమెరా దూసుకొస్తుంది. అందులో ఒకళ్లు మాట్లాడితే ఇంకొకళ్లు వినేవారు. ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందో బ్రహ్మ’ కూడా అంతే, ఎవరినీ కించపరచకుండా నవ్వించారు.

శంకర్ నాగ్ ‘మాల్గుడి డేస్’ అందరికీ తెలుసు. శ్యామ్ బెనెగల్ ‘అమరావతీ కీ కథాయేఁ’ ఎంతమంది చూశారు? సత్యం శంకరమంచి గారి అమరావతి కథలే, హిందీలో. కృష్ణ ఒడ్డు మనుషులు హిందీ మాట్లాడుతుంటే మొదట్లో మనసొప్పలేదు. రెండో వారానికి మర్చిపోయాను. ఈ సీరియల్ చూశాకే తెలుగు పుస్తకం కొని చదివాను. ఇలాంటిది మన కథలకి, చాసోకి (చాగంటి సోమయాజులు గారికి), కారా మాష్టారికి ఎవరైనా చేస్తే ఎంత బాగుండును. చాసో ‘వాయులీనం’ ఒక్క ఎపిసోడ్‌గా ఊహించుకోండి. భార్య ఇష్టంగా వాయించే ఫిడేలు అమ్మి ఆవిడ ప్రాణం నిలబెట్టుకునే కథ. సెట్టింగు అక్కర్లేదు, విజయనగరంలో ఒక పాత పెంకుటిల్లు చాలు.

బాహుదా, ఇచ్ఛాపురం

మాది ఒడిశా సరిహద్దు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. అందుకని ఒక ఒడియా సినిమా చెప్తాను, ఏమీ అనుకోకండి. నీరద్ మహాపాత్ర ‘మాయా మిరిగ’, 1984. పూరీలో ఒక రిటైరైన హెడ్మాస్టరు ఉమ్మడి కుటుంబం. కొడుకులు చదివి పైకొస్తారు, ఒక్కొక్కరే ఇల్లు విడిచి వెళ్తారు. అంతే కథ. కొట్లాట లేదు, విలన్ లేడు. పెద్ద కోడలు వంటింట్లో ఒక్కర్తీ మిగిలే తీరు చూస్తే మా అత్తమ్మే గుర్తొచ్చింది.

ఆ సినిమా నెగెటివ్ పాడైపోయే దశలో ఉంటే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు బాగుచేశారు. 2024లో ఇటలీలో బొలొన్యా ఊళ్లో పాత సినిమాల పండగలో వేశారు. అది చదివినప్పుడు సంతోషంతోపాటు బాధ కూడా వేసింది. ఇంతకుముందు మాష్టారు రాసిన ‘యజ్ఞా’నికి ఆ యోగం ఎప్పుడు పడుతుందో.

గంటస్తంభం, విజయనగరం

బాహుదా గారూ, అనుకోవడానికేముంది, ఇలాంటివే కావాలి.

సన్ననూలు, పొందూరు

ఇంకో కె.బి. తిలక్ సినిమా. ‘భూమి కోసం’, 1974. జయప్రద మొదటిసారి తెరమీద కనిపించింది ఇందులోనే, ఒక పాటలో. శ్రీశ్రీ ‘ఎవరో వస్తారని’ పాట ఈ సినిమాదే. శ్రీకాకుళం రైతాంగ ఉద్యమం రోజులు ఇంకా చల్లారక ముందే, మన ఏజెన్సీ ఊళ్ల గాయాలు పచ్చిగా ఉన్నప్పుడే వచ్చింది. సినిమాగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అయినా భయపడకుండా తీశారు. తర్వాత ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ (1986)లో వంగపండు పాట ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ విన్నప్పుడు మా ఊరి కళాసీలు చప్పట్లు కొట్టారని మా పెదనాన్న చెప్పేవారు. పార్వతీపురం పక్క పెదబొండపల్లి మనిషి మాట రాష్ట్రమంతా పాడుకుంది.

సిరిమాను, విజయనగరం

విజయనగరం వాణ్ని కాబట్టి ‘కన్యాశుల్కం’ (1955) చెప్పకపోతే తప్పవుతుంది. పేరు అందరికీ తెలుసు, సినిమా పూర్తిగా చూసినవాళ్లు తక్కువ. పి.పుల్లయ్య తీశారు, ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి. శ్రీశ్రీ ‘ఆనందం అర్ణవమైతే’ మన ఊరి సుశీలమ్మ గొంతులో విని తీరాలి. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ కథని కూడా పాటగా కలిపారు.

అయినా నాకు తృప్తి లేదు. గురజాడ రాసిన మాటల్లో ఒక్కో మనిషికి ఒక్కో తెలుగు ఉంది. సినిమాలో అందరికీ ఒకటే తెలుగు అయిపోయింది. రామారావు గారి గిరీశాన్ని చూస్తే ఇతన్ని హీరోయే అనుకోవాలనిపిస్తుంది. గిరీశాన్ని చూసి నవ్వుకున్నాక భయం వేయాలి.

పాత పంతులు, శ్రీకాకుళం

రమణమూర్తి గిరీశాన్ని నేను స్టేజీ మీద చూశాను. ఆ భయం వేసింది నాయనా. ఎన్ని వందలసార్లు వేశారో ఆ వేషం. ఆ సినిమాలో ఆయనకి ఆ వేషం దక్కలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నాగావళి, శ్రీకాకుళం

కొత్తవాటిలో త్వరగా మూడు. ‘గ్రహణం’: చలం ‘దోషగుణం’ కథ, ఇంద్రగంటి మోహనకృష్ణ మొదటి సినిమా, తప్పక చూడండి. ‘సినిమా బండి’ (2021): ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరాతో ఊరివాళ్లు సినిమా తీస్తారు, హాయిగా ఉంటుంది. ‘మెయిల్’ (2021): ఊళ్లోకి కంప్యూటరు వచ్చిన రోజులు, ప్రియదర్శి బాగా చేశాడు, చివర కొంచెం సాగింది.

మాష్టారూ, ఒక మాట. వచ్చే ఆదివారం మీ ఇంట్లో కూర్చుందామా? ‘కళ్లు’ నా లాప్‌టాప్‌లో చూద్దాం. ‘యజ్ఞం’ సినిమా చేతిలో లేదు కాబట్టి కథ చదువుకుందాం, మీరే చదవాలి.

పాత పంతులు, శ్రీకాకుళం

రండమ్మా. మేడమీద గది ఖాళీగానే ఉంది. పది గంటలకల్లా వచ్చేయండి. కథ పెద్దది, రెండు గంటలు పడుతుంది, భోజనాలయ్యాక సినిమా. ఎందరొస్తారో శుక్రవారానికి చెప్తే మా ఇంటావిడ వంటకి ఇబ్బంది పడదు.

బొబ్బిలి వీణ, బొబ్బిలి

నేనూ మా తమ్ముడూ. చాసో పుస్తకం తెస్తాను.

సిరిమాను, విజయనగరం

నేను వస్తాను, గంటస్తంభం గారిని కూడా బండి మీద తీసుకొస్తాను.

జీడితోట, పలాస

మాష్టారూ, నిన్న రాత్రి ‘యజ్ఞం’ చదివాను. పూర్తయ్యేసరికి ఒంటిగంట. మా తాత అప్పు తీరాక వెనక్కి తెచ్చుకున్న నోటు ఒకటి మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది, వేలిముద్ర వేసి ఉంటుంది. అసలు ఎంతో, చివరికి కట్టింది ఎంతో దాని వెనకాల రాసి ఉంది. నాకు ఆ లెక్క ఎప్పుడూ అర్థం కాలేదు. ఆదివారం తెస్తాను, మీరు చూడాలి.